ఉక్కు నగరంలో నల్ల గింజ

కాఫీ గింజల్లో తాలు ఏరడానికి యంత్రాలొచ్చాయి. చిన్న వ్యాపారికి అవి ఎంతవరకు అక్కరకొస్తాయి?

ఇనుప ఖనిజం నుంచి మట్టిని, బొగ్గు నుంచి బూడిదను వేరు చేస్తూ బతికే ఊరు జంషెడ్‌పూర్. 1912లో ఇక్కడ తొలి ఉక్కు తయారైన నాటి నుంచీ నాసిరకాన్ని ఎంత చవగ్గా వదిలించుకోవాలన్నదే లెక్క. ఉపాధి వెతుక్కుంటూ వచ్చిన తెలుగువారు బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నారు. ఫిల్టర్ కాఫీ అలవాటునూ వెంట తెచ్చుకున్నారు. కానీ ఇది టీ తాగే ఊరు. ఇలాంటిచోట ఎవరైనా విడతకు అయిదారు కిలోలు వేయించే చిన్న యంత్రం పెట్టుకుంటే మొదట ఎదురయ్యేది ఏరివేత సమస్యే.

60 కిలోల బస్తాలో దాదాపు 4 లక్షల పచ్చి గింజలుంటాయి. కప్పు కాఫీకి పట్టేవి వంద. అందులో ఒక్కటి పులిసినదో, నల్లబడినదో పడితే చాలు, తాగేవాడు మొహం చిట్లిస్తాడు. అందుకే మేలురకం కాఫీకి అంతర్జాతీయ కొలమానం కఠినంగా ఉంటుంది: 350 గ్రాముల నమూనాలో నల్లగింజ లాంటి పెద్ద లోపం ఒక్కటీ ఉండకూడదు.

ఈ యంత్రం తెలుగువారికి కొత్తదేమీ కాదు. బియ్యం బస్తాల మీద కనిపించే ‘సార్టెక్స్’ అనే మాట ఒక బ్రిటిష్ కంపెనీ పేరే. గింజలు వాలుబల్ల మీదుగా జారిపడుతుంటే రెండు వైపుల నుంచీ కెమెరాలు చూస్తాయి. రంగు తేడాగా ఉన్నదాన్ని సన్నని గాలి దెబ్బ పక్కకు నెట్టేస్తుంది. పురుగు తొలిచిన రంధ్రం ఒకవైపే ఉంటుంది కనుక రెండు కెమెరాలు కావాలి. గాలి దెబ్బకు పక్కనున్న మంచి గింజా ఎగిరిపోతుంది కనుక ఏరివేతను మళ్లీ యంత్రంలో పోయాలి.

చిక్కు వేరే ఉంది. పచ్చికాయ నుంచి వచ్చిన గింజ చాలాసార్లు మిగతావాటిలాగే కనిపిస్తుంది, వేయించాక మాత్రమే పాలిపోయి బయటపడుతుంది. దుర్వాసన కొట్టే గింజలను మామూలు వెలుతురులో కెమెరా కూడా పోల్చుకోలేదు. పైగా గంటకు వందల కిలోలు మింగే యంత్రానికి, దానికి గాలి అందించే కంప్రెసర్‌కు లక్షలు పోసి, రోజుకు పాతిక కిలోలు వేయించేవాడు ఏం చేసుకుంటాడు? అతడికి ఇప్పటికీ దిక్కు చాట, చేతివేళ్లు, మంచి దీపం. వేయించిన తర్వాత మరోసారి ఏరుకోవడం.

కాబట్టి అసలు పని జరగాల్సింది గింజ పుట్టినచోట. జంషెడ్‌పూర్ తెలుగువారికి సొంతమనిపించే తోటలు అరకువి. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖకు దిగే రైలుమార్గం ఆ కొండల మీదుగానే సాగుతుంది. అక్కడి గిరిజనులు సిల్వర్ ఓక్ నీడలో పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, అంతకు రెండేళ్ల ముందే ప్యారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరుచుకుంది. పండినవే కోసి, అదేరోజు తొక్క తీసి, నేల తగలకుండా ఆరబెడితే యంత్రానికి పని సగం తగ్గుతుంది. ఆ శ్రమకు ధర రాకపోతే రైతు పచ్చివీ పండువీ కలిపి దూసేస్తాడు. తప్పు అతడిదని అనలేం.

1990లో నీలగిరి జిల్లా గూడలూరులో తొలిసారి కనిపించిన కాయతొలుచు పురుగు 2025లో అరకుకూ చేరింది. పురుగు పట్టిన కాయను తోటలోనే నాశనం చేయాలి. గింజ బస్తాలోకి చేరాక కెమెరా చేయగలిగేది రంధ్రాన్ని గుర్తించడమే.

ఏరేసినవి పారబోతకూ వెళ్లవు. నలుపు, గోధుమ, విరుగుడు గింజలను వ్యాపారులు ‘ట్రిపుల్ బి’ పేరుతో దేశీయ మార్కెట్‌లోనే అమ్ముతారు. చికోరీ కలిసిన చవక పొడుల్లోకి చేరేది ఎక్కువగా అవే. ఎగుమతికి పనికిరాదని పక్కన పెట్టిన గింజ ఇత్తడి ఫిల్టర్ అడుగున తేలితే ఆశ్చర్యం లేదు.