గొడ్డు అనే మాట

గొడ్డు అనే మాట మా ఇంటికి రెండు దారుల్లో వచ్చింది. గొడ్డుమాంసం తింటామని, గొడ్డుతోళ్ళు ఊనుతామని ఊరు మమ్మల్ని దూరం పెట్టింది. పెళ్ళయి మూడేళ్ళయినా కడుపు పండలేదని, గొడ్రాలినని మా పల్లె నన్ను దూరం పెట్టింది. మొదటి మాటను మా జాతంతా కలిసి మోసింది. రెండోదాన్ని నేనొక్కదాన్నే మోశాను.

నేను పుట్టింది నందిగామ దగ్గర మాదిగపల్లెలో. 1993లో జగ్గయ్యపేట పక్కన మా మేనమామ కొడుక్కిచ్చి చేశారు. అప్పుడది కృష్ణాజిల్లా, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లా. పేరు మారినా మెట్ట మెట్టే. పత్తి, మిరప. ఆడాళ్ళం కాయకోతలకీ పత్తితీతలకీ పోతాం. మొగోళ్ళు వీపున ట్యాంకు కట్టుకొని మందు కొడతారు.

మా తోడికోడలు బిడ్డను ఉయ్యాల్లో వేసిన రోజున అందరి చేతులూ మారిన బిడ్డ నా చేతికి రాలేదు. రైతు ఇంటావిడ మిరపనారు నాటేటప్పుడు మొదటి మొక్క నన్ను పెట్టనిచ్చేది కాదు. "నువ్వు ఎనకమాల రావే" అనేది. మాదిగదాన్నని గుడి బయట, గొడ్రాలినని చేను గట్టు మీద. ఆ రెండోది చూసి మా వాళ్ళు కూడా నోరెత్తలేదు. వాళ్ళూ అదే నమ్మారు మరి.

మేం ఆదివారం చర్చికి పోయేవాళ్ళమే. అయినా మా అత్త నన్ను పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరనాళ్ళకు తీసకపోయి మొక్కించింది. పాస్టరుగారు హన్నా కథ చెప్పి, తలకు నూనె రాసి ప్రార్థన చేశారు. మా అత్త హన్నాను వదిలేసి శారాను పట్టుకుంది. "పిల్లలు లేకపోతే శారానే హాగరును తెచ్చి మొగుడికిచ్చింది గదే" అంది. రెండో పెళ్ళికి నా నోటితోనే సరే అనిపించాలని. నాకా కథలో హాగరే కనపడింది. దాసీ మనిషి. ఆమె ఇష్టం ఎవరూ అడగలేదు. చేతులూ యజమానివే, కడుపూ యజమానిదే.

నాలుగేళ్ళు నా ఒళ్ళు అందరికీ అప్పజెప్పాను. పసరు తాగాను. ఆరెంపీ బలానికని సూదులు పొడిచాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి కడగాలని చెప్పి రెండుసార్లు కడిగారు. ఒక సీజను కాయకోతల కూలి మొత్తం అక్కడే పోసి వచ్చాం. మా ఆయన రెండుసార్లూ బయట వేపచెట్టు కింద బీడీ కాల్చుకుంటా కూర్చున్నాడు. ఒక్కరంటే ఒక్కరు ఆయన్ని లోపలికి పిలవలేదు.

సర్కారు నర్సమ్మలు మా పల్లెకు రాక కాదు. ఇద్దరు పుడితే చాలు, ఆపరేషన్ చేయించుకోమని ఇంటింటికీ తిరిగేవాళ్ళు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో కూడా ఆంధ్రాలో పెళ్ళయిన ఆడవాళ్ళు పదిమందిలో దాదాపు ఏడుగురికి ఆపరేషన్ అయ్యింది. పేదోళ్ళకు పిల్లలెక్కువ అనే పాఠం ఒక్కటే వాళ్ళు చదువుకున్నారు. పిల్లలు కాని గడప ముందు ఆగి, ఎందుకు కాలేదమ్మా అని రాసుకునే పుస్తకం వాళ్ళ సంచిలో లేదు.

1997లో బెజవాడ సర్కారు ఆసుపత్రికి పోయాను. అక్కడి డాక్టరమ్మ నా చీటీలన్నీ తిరగేసి, "నీ మొగుడి చీటీ ఏదమ్మా?" అంది. నాలుగేళ్ళలో నేను విన్న మొదటి తెలివైన మాట అది. ఏడాదిపాటు ఏ అడ్డూ లేకుండా కాపురం చేసినా నెల తప్పకపోతే ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలంది. ఆడమనిషికి 35 దాటితే ఆర్నెల్లకే రావాలంది. లోపం సగానికి దగ్గర జంటల్లో మొగోడి వైపు కూడా ఉంటుంది, ఒక్కోసారి ఇద్దరిలోనూ ఉంటుంది. మొగోడి పరీక్ష చవక, నొప్పి ఉండదు. రెండు నుండి ఏడు రోజులు దూరంగా ఉండి, వీర్యం పట్టి ఇస్తే సూక్ష్మదర్శినిలో కణాలు ఎన్ని, ఎట్లా కదులుతున్నాయి అని చూస్తారు. అది చూడకుండా ఆడదాని గర్భసంచిలో చెయ్యి పెట్టకూడదంది.

నా సంగతీ చూసింది. అండం నెలనెలా విడుదలవుతుందా, థైరాయిడ్ ఉందా అని. నెలసరి ఆగాక మందు ఎక్కించి ట్యూబులకు ఎక్స్‌రే తీశారు. ఇంట్లో ఎవరికన్నా టీబీ ఉందా అని గుచ్చి గుచ్చి అడిగింది. దగ్గూ లేకుండా జ్వరమూ లేకుండా టీబీ ట్యూబుల్లో చేరి మూసేస్తుందట. ఒక్క గదిలో ఏడుగురం పడుకునే పల్లెలకు ఈ మాట ఎవరు చెప్పారు? నా ట్యూబులు బాగానే ఉన్నాయి.

మా ఆయనకు చెబితే ఎగిరిపడ్డాడు. "నేను మొగోణ్ణి కాదంటన్నావా?" అన్నాడు. పడకలో బలం వేరు, వీర్యంలో కణాలు వేరు అని డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. వినలా. అప్పటికే మా అత్త చిల్లకల్లు వైపు ఒక పిల్లను చూసొచ్చింది. ఆ రాత్రి అన్నాను: "చేసుకో మావా. పరీక్ష చేయించుకొని చేసుకో. లేకపోతే మూడేళ్ళకు ఆ పిల్లని కూడా గొడ్రాలు అంటారు." మారు మాట్లాడలేదు. వారం తర్వాత బస్సెక్కాడు.

కణాలు బాగా తక్కువ. ఉన్నవీ సరిగా కదలడం లేదు. ఏం పని చేస్తావని డాక్టరు అడిగాడు. మందు కొడతానన్నాడు. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే ఫ్యాక్టరీలో కూలీలకు పిల్లలు పుట్టడం ఆగిపోయింది. ఒకడితో ఒకడు చెప్పుకుంటే తప్ప ఆ సంగతి బయటికి రాలేదు. మన చేలల్లో మొగోళ్ళు ఇట్లాంటివి చెప్పుకోరు. బీడీ మానమన్నారు, మందు కొట్టడం మానమన్నారు. కొత్త కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, మూడు నెలలాగి మళ్ళీ చూద్దామన్నారు. కొంచెం పెరిగాయి, చాల్లేదు. 1999లోనూ 2000లోనూ వీర్యాన్ని కడిగి గర్భసంచిలోకి ఎక్కించే ఐయూఐ నాలుగుసార్లు చేయించుకున్నాం. నిలవలేదు. ఒక్క కణాన్నే తీసి అండంలోకి పొడిచే ఇక్సీ అనే పద్ధతి 1992 నుండే ఉంది. దాని ధర మాత్రం మాకందేది కాదు.

రిపోర్టు ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. పేరు నా మీద ఉండిపోయింది. మా ఆయన పరువని నేను నోరు విప్పలేదు. ఆయనా విప్పలేదు. పదేళ్ళు.

2008లో మా పల్లెలో ఇంకో పిల్లను పుట్టింటికి పంపాలని పెద్దమనుషులు కూర్చున్నారు. నాలుగేళ్ళ కాపురం, బిడ్డ లేదు. మా ఆయన లేచి, "ముందు వాడికి పరీక్ష చేయించండి. మాకు పిల్లలు లేంది నా వల్ల, మా ఆడదాని వల్ల కాదు" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మా అత్త పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను ఇంటికొచ్చి అన్నం వార్చుకున్నాను. పదిహేనేళ్ళ నాడు అనాల్సిన వాళ్ళందరూ అనేశారు, ఇప్పుడు దింపేది ఎంత? అయినా ఆ పిల్ల పుట్టింటికి పోలేదు. ఇద్దర్నీ నేనే బెజవాడ తీసకపోయాను. అప్పటినుండి ఎంతమందినో.

2019 సెప్టెంబరు 5న గుంటూరులో 74 ఏళ్ళ మంగాయమ్మ ఐవీఎఫ్‌తో కవలపిల్లలను కన్నదని పేపర్లన్నీ రాశాయి. ఆమెకు 1962లో పెళ్ళయింది. అందరూ సైన్సు గొప్పతనం చూశారు. నేను ఆ 57 ఏళ్ళు చూశాను. 2021లో వచ్చిన చట్టం ఈ వైద్యానికి ఆడవాళ్ళకు 50, మగవాళ్ళకు 55 ఏళ్ళు హద్దు పెట్టింది. మంచిదే. మాటకు మాత్రం హద్దు పెట్టలేదు.

2025 జులైలో సికింద్రాబాదులో ఒక సంతాన కేంద్రం గుట్టు బయటపడింది. అద్దెగర్భంతో మీ బిడ్డేనని చెప్పి ఒక జంట దగ్గర 35 లక్షలు తీసుకున్నారు. ఇచ్చిన బిడ్డ అస్సాం పేద దంపతుల బిడ్డ, 90,000కు కొన్నదని పోలీసులు చెప్పారు. మోసపోయిన జంట ఏడుపు టీవీల్లో చూశాం. బిడ్డనమ్ముకున్న తల్లి ఏడుపు ఎవరు చూపించారు? హాగరు ఇంకా దాసీగానే ఉంది.

2023లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వం ఐవీఎఫ్ కేంద్రం తెరిచింది. అట్లాంటివి రావాలి. దానికన్నా ముందు కావాల్సింది చిన్నది. టీబీ కళ్ళె చూసే సూక్ష్మదర్శిని చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉంది. కణాలు లెక్కపెట్టే గాజుపలక ఒకటి, నేర్పిన మనిషి ఒకరు ఉంటే మొగోడి పరీక్ష అక్కడే అవుతుంది. ఆపరేషన్ల లెక్క రాసే పుస్తకంలోనే దీనికీ ఒక గడి గీయమంటున్నాను. అందులో మొగుడి పేరు ముందు రాయమంటున్నాను.