జడ్చర్ల ప్రయాణము

హైదరాబాదునుండి కర్నూలునకు పోవు 44వ నెంబరు జాతీయ రహదారిపై షాద్‌నగరు, బాలానగరు దాటినపిదప జడ్చర్ల వచ్చును. మేము పోయినది అక్టోబరు మాసము. బాట కిరువైపుల స్త్రీలు గంపలలో సీతాఫలములు పెట్టుకొని కూర్చుండి యుండిరి. సీతాఫలములలో బాలానగరు రకమని దేశమంతటను తోటలవారు చెప్పుకొను రకమునకు ఈ బాలానగరే పేరు పెట్టినది. బస్సు నిలిచినప్పుడు ఒక గంప కొంటిమి. చుట్టమింటికి వట్టి చేతులతో పోరాదు గదా!

జడ్చర్ల నాలుగు త్రోవలు కలియు చోటు. మహబూబునగరు, రాయచూరుల బాట పడమటికి పోవును. కల్వకుర్తి బాట తూర్పునకు పోవును. దానిని అంటుకొనియే బాదేపల్లి యున్నది. ఎక్కడ జడ్చర్ల ముగిసి ఎక్కడ బాదేపల్లి మొదలగునో క్రొత్తవారికి తెలియదు. బాదేపల్లి మార్కెటులో వేరుశనగ, మొక్కజొన్న, పత్తి కుప్పలు పోసి యుండును. పోలేపల్లి వైపున మందుల కార్ఖానాలు లేచినవి. సమీపముననున్న గంగాపురములో చెన్నకేశవస్వామి గుడియు, అల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన పురాతన జైనాలయమగు గొల్లత్తగుడియు చూడదగినవి. మేము ఈసారి వానిని చూడ పోలేదు. మా పని వేఱు.

మా చిన్నమ్మ కూతురు బాదేపల్లిలో కాపురముండును. ఇద్దరు బిడ్డల తల్లి. రెండు కాన్పులును పెద్దాపరేషనుతోనే జరిగినవి. ఆ వేసవి చివర, జూను మాసమున, నగరములోని యొక ప్రైవేటు ఆసుపత్రిలో పొట్ట బిగించు ఆపరేషను చేయించుకొనినది. దీనినే టమ్మీ టక్ అందురు. భర్త బహరైనులో కొలువుననుండి డబ్బు పంపెను. అత్తగారితో మాత్రము బుడ్డ ఆపరేషనని చెప్పినది. నాలుగు నెలలు గడచెను. ఒకనాటి రాత్రి మాకు ఫోను చేసి, ఆపరేషను చెడిపోయినదనియు, మఱల మొదటినుండి చేసెదమని ఆసుపత్రివారు మూడు వారములలో రమ్మనిరనియు, ముందుగా సగము సొమ్ము కట్టవలెననియు చెప్పి యేడ్చెను. గాజులు కుదువబెట్టుటకు షావుకారుతో మాటాడి యుంచినదట. ఆ మాట విని మేము బయలుదేరితిమి.

సాయంకాలము అత్తగారు గుడికి పోయిన వేళ లోపలి గది తలుపు వేసి చూపినది. "నువ్వు డాక్టరువు కావు గద అక్కా, చూసి ఏం జేస్తవ్?" అని ముందు సిగ్గుపడెను. పొత్తికడుపునకు అడ్డముగా ఒక తుంటినుండి మఱియొక తుంటివఱకు ఎఱ్ఱగా ఉబ్బిన మచ్చ. దాని రెండు కొనలయందు చర్మము చిన్న కొమ్ములవలె లేచి యున్నది. బొడ్డు కొంచెము ఎడమకు ఒరిగి, ఇఱుకై యున్నది. బొడ్డు పైభాగము మాత్రము కూర్చున్నప్పుడు మునుపటివలెనే ముందునకు పొడుచుకొని వచ్చును. "చీర కట్టుకుంటే ఎవలకు కనవడది. నాకు కనవడ్తది గద" అనినది. ఈ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి.

ఇట్టి యాపరేషనులు అలంకారము కొఱకని తేలికగా మాటాడువారు కలరు. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి 60 కాన్పులకు పైగా కోతతో జరిగినవని తేలినది. దేశములోని రాష్ట్రములలో ఇదియే హెచ్చు. కాన్పుల వలన పొట్ట నడిమి కండరములు రెండుగా ఎడబాసి, చర్మము వ్రేలాడి, నడుము నొప్పితో బాధపడు స్త్రీలు ఎందఱో యున్నారు. వారిలో నొకతె దానిని సరిచేయించుకొనదలచిన, నవ్వవలసినదేమున్నది? ఈ చికిత్స నిన్న మొన్నటిది కాదు. 1899లోనే అమెరికాలోని బాల్టిమోరు నగరమున కెల్లీ యను వైద్యుడు వ్రేలాడు పొట్టచర్మమును కోసి తీసినట్లు ప్రకటించెను. బొడ్డును దాని మొదలునుండి విడదీయక, క్రిందికి లాగిన చర్మములో క్రొత్త రంధ్రము చేసి యందు నిలుపు పద్ధతిని 1957లో వెర్నన్ అను వైద్యుడు వివరించెను. మా చెల్లెలి బొడ్డు ఒరిగినది ఆ రంధ్రము చేయు చోటనే.

మఱునాడు ఆమెను ఇంటినుండి కొంత బయటకు తీసికొనిపోవుట మంచిదని మహబూబునగరు దగ్గఱి పిల్లలమఱ్ఱికి పోయితిమి. ఏడువందల యేండ్ల చెట్టని చెప్పుదురు. ఎకరముల కొలది ప్రాకిన ఊడలలో మొదటి మాను ఏదో గుర్తింపరాదు. 2017 చివర దానికి చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ విఱిగినది. మానునకు తొఱ్ఱలు చేసి మందు పోసిరి; పోసిన మందు పోసినట్లే బయటికి కారిపోయినది. అప్పుడు 2018లో, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు, నీరు కలిపిన మందును సీసాలలో పోసి, కొమ్మలకు వ్రేలాడదీసి, సన్నని గొట్టములద్వారా బొట్టుబొట్టుగా ఎక్కించిరి. బరువు కొమ్మలక్రింద ఆధారములు నిలిపిరి. ఈ కథ చెప్పుచుండగా మా చెల్లెలు నాలుగు నెలలలో మొదటిసారి నవ్వినది. "చెట్టుకు గూడ రెండోసారి చెయ్యవడ్డదన్నట్టు!" అనినది. అచ్చటనే ఆమెను ఒప్పించితిమి: డబ్బు కట్టుటకు ముందు, ఆ ఆసుపత్రితో సంబంధము లేని మఱియొక ప్లాస్టిక్ సర్జనుకు చూపవలెను.

ఆ వారముననే ఆమె జడ్చర్లలో రైలెక్కి కాచిగూడకు వచ్చెను. వచ్చుటకు ముందు మొదటి ఆసుపత్రినుండి ఆపరేషను కాగితములు అడిగి తెప్పించితిమి. ముందు నసిగిరి. వైద్యమండలి 2002 నిబంధనల ప్రకారము రోగి యడిగిన 72 గంటలలోపల కాగితములు ఇయ్యవలెనని వ్రాసి యిచ్చిన పిమ్మట ఇచ్చిరి. సోదరీమణులారా, ఈ నిబంధన ఏ ఆపరేషనుకైనను చెల్లును.

సర్జనుగారు నడివయస్సువారు, తొందర లేనివారు. కాగితములు చదివి, ఆమెను నిలువబెట్టి, కూర్చుండబెట్టి, పండుకొనబెట్టి తల యెత్తుమని చూచిరి. పిమ్మట ఆల్ట్రాసౌండు తీయించిరి. "చెడిపోయినదని ఒక్క మాటలో చెప్పకుడు. మీకు నాలుగు వేర్వేరు సంగతులున్నవి. నాలుగింటికి నాలుగు దారులు" అనిరి. మాకు గుర్తున్నంతవఱకు ఆయన చెప్పినది వ్రాయుచున్నాము.

మొదటిది వాపు. కోసిన చర్మములో నీరు నడచు దారులు తెగును గనుక ఆఱు నెలలవఱకు, ఒక్కొక్కరికి ఏడాదివఱకు, పొట్ట తన తుది రూపమునకు రాదు. నాలుగు నెలలకు తీర్పు చెప్పుట తొందరపాటు. చర్మముక్రింద నీరు గుమిగూడిన (దానిని సీరోమా అందురు) సూదితో తీయుదురు; మాటిమాటికి వచ్చినచో దాని చుట్టు ఏర్పడిన పొరను కోసి తీయవలసి వచ్చును. ఈమెకు నీరు లేదు.

రెండవది కొనల కొమ్ములు. వైద్యులు వీనిని కుక్కచెవులందురట! కొన్ని వాపుతోపాటు తామే అణగును. అణగనిచో, ఆ మేరకు మాత్రము మత్తు సూది వేసి, చిన్న ముక్క కోసి కుట్టుదురు. సాధారణముగా ఆనాడే యింటికి రావచ్చును. దీనికై మఱల పొట్టంతయు విప్పనక్కఱలేదు. చోట చోట క్రొవ్వు మిగిలినచో లైపోసక్షనుతో తీయుదురు. గుంటలు పడినచో వేఱొక చోటి క్రొవ్వు తెచ్చి నింపుదురు. ఒరిగిన బొడ్డును, ఇఱుకైన బొడ్డును గూడ చిన్న ఆపరేషనుతో సవరింపవచ్చును.

మూడవది మచ్చ. మన చామనచాయ చర్మమునకు ఉబ్బు మచ్చలు తఱచు. సిలికోను జిగురో, సిలికోను పట్టీయో నెలల తరబడి పెట్టవలెను. ఉబ్బు హెచ్చైనచో స్టెరాయిడు సూదులు మచ్చలోనికి వేయుదురు. కీలాయిడు అను పెరుగు మచ్చను వట్టిగా కోసి తీసిన, మునుపటికంటె పెద్దదై తిరిగి వచ్చుట కలదు. మచ్చ పండి తెల్లబడుటకు ఏడాదినుండి ఏడాదిన్నర పట్టును. మచ్చ మఱీ పైన పడినచో క్రిందికి దింపుట కష్టము. దానికి చర్మము వదులై యుండవలెను.

నాలుగవదే అసలుది. బొడ్డుపైన పొడుచుకొని వచ్చుట చర్మపు దోషము కాదు. కండరములను క్రిందిభాగమున కుట్టిరి గాని పైభాగమున కుట్టలేదని కాగితములలోనే యున్నది. ఆల్ట్రాసౌండులోను పైన ఎడము కనబడినది. బుడ్డ లేదు. మఱల చర్మము కోసి బిగించిన, కండరము అట్లే యుండును. కొన్ని నెలలకు పొట్ట అట్లే ముందుకు వచ్చును, మచ్చ మాత్రము ఇంకను బిగియును. ముందు ఫిజియోథెరపీ నిపుణురాలియొద్ద ఆఱు నెలలు పొట్ట కండరముల అభ్యాసము చేయుమనిరి. అప్పటికిని బాధ యున్నచో కండరమును కుట్టుట ఆలోచింతుమనిరి. ప్రేగులచుట్టు లోపల చేరు క్రొవ్వు ఏ కుట్టుకును లొంగదనియు, అది తిండివలనను నడకవలనను తగ్గవలసినదే ననియు చెప్పిరి. ఇంకొక కాన్పు తలంపు ఉన్నదా యని అడిగిరి. ఉన్నచో ఏ సవరణయైనను కాన్పు తరువాతనే.

మా చెల్లెలు చాలసేపు మాటాడలేదు. తుదకు "మరి ఇప్పుడేం జెయ్యొద్దా?" అనినది. "జ్వరము వచ్చిన, చీము కారిన, చర్మము నల్లబడిన, పిక్క వాచిన, ఊపిరి ఆడకున్న ఒక్క గంట ఆగరాదు. అవేవియు లేవు గనుక, ఇప్పుడు కోయరాదు" అనిరి సర్జనుగారు. అన్నిటికంటె మాకు నచ్చినది, సవరించినను పెండ్లినాటి పొట్ట రాదని ముఖముమీదనే చెప్పుట.

తిరుగు రైలులో న్యాయస్థానము మాట వచ్చినది. వైద్యసేవకును వినియోగదారుల చట్టము వర్తించునని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఫిర్యాదు రెండేండ్లలోపల చేయవలెను. కాని ఫలితము నచ్చకపోవుట వేఱు, వైద్యుడు అజాగ్రత్తగా నుండుట వేఱు. పైభాగము కుట్టమని ముందుగా చెప్పిరా, చెప్పలేదా యనునది తేలవలెను. కాగితములు జాగ్రత్తగా దాచుమని చెప్పి అంతటితో ఊరకుంటిమి. ఆమెకప్పుడు వ్యాజ్యముకంటె నిద్ర అవసరము.

ఇల్లు చేరుసరికి రాత్రి తొమ్మిదియైనది. అత్తగారు అరుగుమీద కూర్చుండి మేము తెచ్చిన సీతాఫలములలో మిగిలినవానిని పిల్లలకు ఒలిచి పెట్టుచుండెను. "డాక్టరేమన్నడు బిడ్డా?" అని అడిగెను. మా చెల్లెలు మావంక చూచి, ఆమె ప్రక్కన చతికిలబడి, బుడ్డ కాదనియు, జూనులో చేయించుకొనినది ఏమో, ఏల చేయించుకొనెనో ఉన్నదున్నట్లు చెప్పినది. ముసలామె చాలసేపు పండు ఒలుచుచునే యుండెను. పిమ్మట "నీ మొగన్ని కన్నంక నాకు పేగు జారింది. ముప్పై ఏండ్లు గుడ్డ కట్టుకొని నాట్లేసిన. ఎవలకు జెప్పలే" అనినది. ఒలిచిన పండు కోడలి చేతిలో పెట్టెను.

మఱునాడు ప్రొద్దున ఆసుపత్రికి ఫోను చేసి తేదీ వద్దని చెప్పితిమి. గాజులు ఇంకను బీరువాలోనే యుండెను. షావుకారునకు కబురు అత్తగారే పంపెను.