చినవెంకన్న మెట్ల నుంచి బందరు అలల దాకా...

మిత్రుడొకడు వేసవి సెలవులకు కుటుంబంతో మధ్యధరా సముద్రతీరానికి వెళ్లొచ్చాడు. నీలం నీళ్లు, తెల్లటి ఇళ్లు, ఊరి నడుమ ఎప్పటివో రాతి కట్టడాలు... ఫొటోలన్నీ చూపించి ‘పొద్దున చరిత్ర, సాయంత్రం సముద్రం. అలాంటి చోటు మనకెక్కడుంది చెప్పు?’ అన్నాడు.

ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ద్వారకా తిరుమలకు ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. దండం పెట్టుకోవడం, ప్రసాదం తీసుకోవడం, తిరుగు బస్సెక్కడం... అంతే. ఆ కొండ దగ్గర బయల్దేరి కొల్లేటి మీదుగా సముద్రం దాకా వెళ్తే? సంక్రాంతి సందడి తగ్గాక మూడు రోజులు సెలవు పెట్టి ఆ పనే చేశాం.

చుక్క నీరు తగలని స్వామి

ఏలూరు నుంచి భీమడోలు మీదుగా ద్వారకా తిరుమల నలభై కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామునే కొండ కింద జనం. గోదావరి జిల్లాలవాళ్లకు ఇది ‘చిన తిరుపతి’. పెద్ద తిరుపతి మొక్కును ఇక్కడ తీర్చుకోవచ్చంటారు. ఇక్కడి మొక్కును మాత్రం అక్కడ తీర్చుకోకూడదట!

గర్భగుడిలో విగ్రహాలు రెండు. ద్వారక మహర్షి తపస్సుకు మెచ్చి పుట్టలో వెలిసిన స్వామికి నడుము పైభాగమే కనిపిస్తుంది. పాదాలకు కూడా పూజ జరగాలని వెనకున్న నిలువెత్తు మూర్తిని రామానుజాచార్యులు ప్రతిష్ఠించారని చెబుతారు. అందుకే ఏడాదికి రెండుసార్లు, వైశాఖంలోనూ ఆశ్వయుజంలోనూ కల్యాణోత్సవాలు. మూలవిరాట్టుకు అభిషేకం లేదు. చుక్క నీరు పడినా కిందున్న ఎర్రచీమలు కదిలి బయటికొస్తాయని నమ్మకం. నీళ్ల దేశంలో నీళ్లు తగలని దేవుడు!

అక్కడి నుంచి కామవరపుకోట దారి పట్టుకుని గుంటుపల్లి చేరాం. జీలకర్రగూడెం దాటి కొండెక్కితే బౌద్ధ గుహలు. క్రీస్తుకు పూర్వమే భిక్షువులు తొలిపించుకున్న నివాసాలివి. గుండ్రటి చైత్యగుహలోకి వెళ్లి పైకి చూస్తే తెరిచిన గొడుగు కింద నిలబడినట్టుంటుంది. దూలాలు, వాసాలు... అన్నీ రాయే! చెక్క ఇల్లెలా కడతారో అలాగే కొండను చెక్కారు. లోపలి స్తూపాన్ని చుట్టుపక్కలవాళ్లు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. దేవుడి పేరు మారింది, దండం మాత్రం ఆగలేదు.

కొల్లేట్లో ఓ ఉదయం

రాత్రికి ఏలూరులో ఆగి, మర్నాడు చీకటితోనే కైకలూరు దగ్గరున్న ఆటపాక పక్షుల కేంద్రానికి చేరాం. మంచు విడుతుంటే ముందు రెక్కల చప్పుడు, తర్వాత పక్షులు! గూడబాతులు ఇనుప స్టాండ్ల మీద బారులు తీరి కూర్చున్నాయి. గూళ్లు కట్టుకోవడానికి చాలినన్ని చెట్లు లేక మనుషులు కట్టిపెట్టిన మంచెలవి. పిల్లలు కేరింతలు కొడుతుంటే మాకు మాత్రం ఆ ఇనుము వంకే చూపు పోయింది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఓ పెద్ద పళ్లెం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీటిని ఇది పట్టి ఉంచుతుంది. ఉప్పుటేరు ఆ నీటిని మెల్లగా సముద్రానికి చేరుస్తుంది. తర్వాత్తర్వాత ఈ పళ్లెం నిండా చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో అయిదో కాంటూరు వరకూ 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో గట్లు కొట్టేశారు. తర్వాత మళ్లీ చాలాచోట్ల లేచాయి.

పడవ నడుపుతున్న పెద్దాయన్ని కదిపాం. ‘చిన్నప్పుడు ఈ నీళ్లే దోసిలి పట్టి తాగేవోళ్లం బాబూ. ఇప్పుడు చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం క్యాను కొనుక్కోవాలి’ అన్నాడు. మరి చెరువుల సంగతేంటి తాతా అంటే కాసేపు మాట్లాడలేదు. ‘గట్లు కొట్టేసినప్పుడు మా వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించలేదండి. సరస్సూ కావాలి, మేమూ బతకాలి. రెండూ చూసేవోడు రావాలి కదండీ!’

ఆ మాట తేలిగ్గా తీసేయలేం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తింది. ఆ నీళ్లు చివరికి చేరింది ఇక్కడికే. లంక గ్రామాల దారులు రోజుల తరబడి మునిగాయి. పళ్లెం అంచులు బిగించేస్తే వచ్చిన నీరు ఎక్కడికి పోతుంది?

అలెగ్జాండ్రియాకు తెలిసిన రేవు

కైకలూరులో చేపల పులుసుతో భోజనం ముగించి, గుడివాడ మీదుగా బందరు దారి పట్టాం. మధ్యలో పెడన. ఇళ్ల మధ్య షెడ్లలో కలంకారీ అద్దకం. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో బట్టను నానబెట్టి, తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నలుపును చెక్క అచ్చులతో అద్దుతున్నారు. తర్వాత పారే నీటిలో జాడించాలి. కాలవ బాగుంటేనే రంగు తేలుతుందట.

ఈ బట్టల కోసమే ప్రపంచం బందరుకు వచ్చింది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలమీ అనే పండితుడు అలెగ్జాండ్రియాలో కూర్చుని లోకం లెక్కలు రాశాడు. అది మధ్యధరా తీరంలోని ఊరే! ఆయన రాసిన ‘మైసోలియా’ మన కృష్ణా తీరమేనంటారు చరిత్రకారులు. తర్వాత ఇది గోల్కొండ సుల్తానులకు పెద్ద రేవు. డచ్చివారు 1605లో, ఇంగ్లిషువారు 1611లో ఇక్కడ వర్తకానికి దిగారు. ఫ్రెంచివారూ వెనకే వచ్చారు.

ఆ వైభవంలో మిగిలింది చూడాలంటే బందరుకోట వెళ్లాలి. పాడుబడిన కట్టడాలు, డచ్చివారి సమాధులు. రాతి పలకల మీద వంశ చిహ్నాలు ఎంత లోతుగా చెక్కారంటే, వేలితో తడిమి అక్షరాలు చదవొచ్చు. ఎక్కడి హాలెండ్... ఎక్కడి బందరు!

కోట దగ్గర నిలబడితే 1864 గుర్తురాకమానదు. ఆ నవంబరు ఒకటో తేదీ రాత్రి తుపానుకు సముద్రం ఊరి మీద పడింది. దాదాపు 30 వేల మంది పోయారు. మా నాయనమ్మ ఎప్పుడూ ‘ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత’ అని లెక్క చెప్పేది. ఆమెది 1977 దివిసీమ ఉప్పెన. ఈ తీరంలో క్యాలెండరు అదే మరి.

మూడోరోజు సూర్యోదయానికి మంగినపూడి బీచ్‌లో ఉన్నాం. బందరు నుంచి పదకొండు కిలోమీటర్లు. తెల్లటి ఇసుక ఆశించి వెళ్తే నిరాశే. ఇక్కడిది నల్లమట్టి. చాలా దూరం వరకూ లోతు తక్కువ. అయినా నీళ్లతో పరాచికాలు వద్దు. సముద్రంలోంచి ఎర్రటి ముద్దలా సూర్యుడు లేస్తుంటే వేట పడవలు తిరిగొస్తున్నాయి. కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. పూడిపోయిన రేవుకు మళ్లీ ఓడలొస్తాయని ఊరంతా ఎదురుచూపులు.

తిరిగొచ్చాక మిత్రుడికి ఫోన్ చేశాను. ‘నువ్వడిగిన చోటు ఉంది. నల్లటి తీరం, ఇనుప చెట్లు, చదివేవాళ్లు లేని సమాధులు. వాళ్లు కాపాడుకున్నారు కాబట్టి నువ్వు వెళ్లి చూశావు. మనం కాపాడుకుంటే రేపు మన పిల్లలూ చూస్తారు’ అన్నాను. కాసేపు మౌనం. ‘ఈసారి నన్నూ తీసుకెళ్తావా?’ అన్నాడు.

ఎలా వెళ్లాలి?

విజయవాడ నుంచి ఏలూరు 60 కిలోమీటర్లు, రైళ్లు, బస్సులు బోలెడు. ఏలూరు, భీమడోలు నుంచి ద్వారకా తిరుమలకు బస్సులున్నాయి. గుంటుపల్లికి సొంత వాహనమైతే మేలు. పక్షుల కోసం నవంబరు - ఫిబ్రవరి మధ్య వెళ్లాలి. బందరు నుంచి విజయవాడ 70 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు తొక్కుడు లడ్డు, నల్ల హల్వా మరిచిపోకండి!