కాదనేవాళ్లు లేని వార్డు

ఉగాండాలో కంపాలా దాటాక మబీరా అడవి దగ్గర బండి ఆగితే చాలు, కాల్చిన అరటికాయలూ, పుల్లలకు గుచ్చిన కోడిముక్కలూ పట్టుకుని కుర్రాళ్లు కిటికీల మీద పడతారు. జింజాలో నైలు దాటి, చెరకు తోటల మీదుగా ఎంబాలే చేరేసరికి సాయంత్రమైంది.

నేను పిల్లల డాక్టర్ని. అక్కడికి దగ్గర్లో ఒక ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేయడానికి వెళ్లాను. మంచానికి ఇద్దరేసి పిల్లలు, మంచాల కింద వంటగిన్నెలు. వార్డు నడిపేది ఒక క్లినికల్ ఆఫీసరు. ఆమెది మూడేళ్ల డిప్లొమా చదువే గానీ, మలేరియాతో స్పృహ తప్పిన పిల్లల్ని నాకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చూసింది. అయినా రౌండ్స్‌లో నన్నే ముందు నడవమంది.

ఒకరోజు యూరప్ నుంచి వచ్చిన కుర్ర డాక్టరు, జ్వరంతో కాళ్లూ చేతులూ చల్లబడిన బిడ్డకి సెలైన్ గబగబా ఎక్కించమన్నాడు. పెద్ద ఐసీయూల్లో అది అలవాటైన వైద్యమే. కానీ ఫీస్ట్ అనే పరిశోధన జరిగింది ఇలాంటి పిల్లల మీదే. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,141 మందిని చూశారు. 2011లో ఫలితాలు వచ్చాయి: అలా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో నూటికి పదిమందికి పైగా పోయారు, ఎక్కించనివాళ్లలో ఏడుగురు. విరేచనాలతో వచ్చిన పిల్లల సంగతి వేరు, వాళ్లని అందులో చేర్చలేదు.

క్లినికల్ ఆఫీసరుకు ఇదంతా తెలుసు. నా చెవిలో చెప్పింది, అతనితో చెప్పలేదు. ఎందుకని అడిగితే, “ఆయన మా అతిథి కదా” అంది. నేను చెబితే ఒక్క మాటకే విన్నాడు. అదే నాకు మింగుడుపడలేదు.

తల్లులూ అంతే. వెన్నులోంచి నీరు తీస్తామంటే “మీ ఇష్టం, ముసావో” అంటారు, డాక్టరుగారూ అని. ఇక్కడ మన పాడేరు వైపు “మీ దయ డాక్టరమ్మా” అని విన్నదే ఇది. సూది పట్టుకున్నది డాక్టరో, సొంత దేశంలో ఆ పని చేయనివ్వని విదేశీ విద్యార్థో ఆ తల్లికెలా తెలుస్తుంది? తెలిసినా వద్దనగలదా?

ఆ సెలైన్ సంగతి మర్నాటి నుంచి రౌండ్స్‌లో క్లినికల్ ఆఫీసరునే ముందు నడవమని, నేను వెనక కేసు షీట్లు రాశాను. రక్తం సంచి ఒక్కటే మిగిలిన రోజు, నేననుకున్న బిడ్డకి కాక పక్క మంచం బిడ్డకి పెట్టమంది. ఆ ఇద్దరు తల్లులకూ రేపు మొహం చూపించాల్సింది ఆమే, నాకు తిరుగు టికెట్ ఉంది. కారణం అడిగాను, చెప్పింది. పూర్తిగా ఒప్పుకోలేకపోయాను. షీటులో మాత్రం ఆమె చెప్పిందే రాశాను.