సభ్యుడా, అవయవమా?

తమిళంలో శాసనసభ్యుణ్ణి ‘సట్టమన్ర ఉరుప్పినర్’ అంటారు. పుదుచ్చేరి పట్టణంలో ఏ వీధిలో నడిచినా, గోడరాతల్లోనో ఫ్లెక్సీల్లోనో ఈ మాట ఒక్కసారైనా ఎదురవుతుంది. ఉరుప్పు అంటే అవయవం. చేయి, కాలు, కన్ను వంటిది. ఉరుప్పినర్ అంటే, మూలార్థంలో, ఒక దేహానికి అవయవంగా ఉన్నవాడు. ఫ్రెంచివారి ‘మాంబ్ర్’, ఇంగ్లీషువారి ‘మెంబర్’ కూడా లాటిన్‌లో అవయవమనే అర్థం నుంచి వచ్చినవే. గ్రీకులో ఈనాటికీ అవయవానికీ సభ్యుడికీ ఒకటే పదం: మెలోస్. మన తెలుగులో మాత్రం అతడు సభ్యుడు. సభకు చెందినవాడు, సభలో కూర్చోదగినవాడు. దేహం లేదు, రక్తప్రసారం లేదు. కుర్చీ ఉంది.

ఇది నిఘంటువుల కాలక్షేపం కాదు. ఈ రెండు ఊహల మధ్య తేడా మీద ఇక్కడ ఒక ప్రభుత్వం పడిపోయింది. ఆ సంగతికి తరువాత వస్తాను.

పుదుచ్చేరి ఒకే ప్రభుత్వాన్ని అనేక భాషల్లో చెప్పవలసిన ప్రాంతం. 1965 నాటి అధికార భాషల చట్టం ఇక్కడ తమిళానికి ప్రథమస్థానం ఇచ్చి, మాహేలో మలయాళాన్నీ యానాంలో తెలుగునూ గుర్తించింది. 1956 నాటి విలీన ఒడంబడిక, ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించనంతవరకు ఫ్రెంచి అధికార భాషగా కొనసాగుతుందని చెప్పింది. వీటన్నిటికీ మధ్యవర్తి ఇంగ్లీషు. ఇక్కడి సచివాలయంలో ఇంగ్లీషులో పుట్టిన ఉత్తర్వు 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి యానాంలో తెలుగు కావాలి. ఇక్కడి రాజకీయాన్ని తెలుగులో రాసే నావంటి విలేకరి చేసే పనీ అదే, కాకపోతే గడువు మరీ తక్కువ. రాత్రి తొమ్మిదింటికి వార్త పంపవలసినవాడికి వ్యుత్పత్తులు వెతికే తీరిక ఉండదు. అందుకే ఆ వెతుకులాటను సెలవు దినాలకు వాయిదా వేసుకుంటాను.

‘గవర్నమెంట్’ అనే మాటనే చూడండి. దాని మూలం గ్రీకులో ఓడకు చుక్కాని పట్టడం. అక్కడి నుంచి లాటిన్, ఫ్రెంచి రేవుల మీదుగా ఇంగ్లీషుకు చేరింది. (సైబర్ నేరాల ఠాణాలోని ‘సైబర్’ కూడా ఆ ఇంటి బిడ్డే.) మన ‘ప్రభుత్వం’లో ఓడ లేదు, ప్రయాణం లేదు. ప్రభువు ఉన్నాడు, అతని ప్రభుతనం ఉంది. చుక్కాని పట్టేవాడికి దారి తప్పే అవకాశం ఉంది, కాబట్టి అతణ్ణి నిలదీయవచ్చు. ప్రభువును నిలదీయడానికి ఆ మాటలోనే చోటు లేదు. సంస్కృతంలో చుక్కానికి ‘కర్ణం’ అనే పేరుంది, అది పట్టినవాడు కర్ణధారుడు. గవర్నరుకు మూలార్థంలో అంతకన్న దగ్గరి మాట మన వద్ద లేదు. కర్ణమంటే చెవి కూడా కదా! పాలించేవాడికి చెవి ఉండాలన్న కోరికను ఆ పదంలో చదువుకోవచ్చు. వ్యుత్పత్తి శాస్త్రం దీనికి ఒప్పుకోకపోవచ్చు. రాజ్‌నివాస్ ముందు వినతిపత్రాలతో నిలబడినవారు ఒప్పుకుంటారు.

తల విషయంలోనూ తమిళం దేహాన్ని వదలదు. రాజధాని ‘తలైనగర్’, నాయకుడు ‘తలైవర్’. మనం ‘పెద్ద తలకాయ’ అన్న మాటను వెటకారానికి అట్టిపెట్టుకుని, అధికార పదాలకు సంస్కృతాన్ని ఆశ్రయించాం. అయితే దేహం అక్కడా దాగే ఉంది. ముఖ్యమంత్రిలో ముఖం ఉంది. అధ్యక్షుడిలో పైనుంచి చూసే కన్ను ఉందని చెబుతారు. శాసనసభలో బిల్లులు గట్టెక్కే ‘మూజువాణి’లో, ఉర్దూ ‘ముహ్ జబానీ’ నుంచి వచ్చిందన్న మాట నిజమైతే, నోరూ నాలుకా రెండూ ఉన్నాయి.

అన్నిటికంటె పెద్ద మాట రాజ్యాంగం. ఇంగ్లీషులో ‘కాన్‌స్టిట్యూషన్’ అంటే దేశపు మౌలిక చట్టమే కాదు, మనిషి ఒంటి తీరు కూడా. అనువాదంలో ఆ రెండో అర్థం పోయిందని మనం అనుకుంటాం. పోలేదు, పక్క గదిలో ఉంది. కౌటిల్యుడు స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అని రాజ్యానికి ఏడు ‘ప్రకృతులు’ చెప్పాడు. అమరకోశం స్వల్ప భేదాలతో ఆ ఏడింటినే ‘రాజ్యాంగాలు’ అన్నది. అదే ‘ప్రకృతి’ని ఆయుర్వేద వైద్యుడు నాడి పట్టి చూసి, వాతమో పిత్తమో కఫమో చెబుతాడు. అంటే రాజ్యపు కూర్పునూ ఒంటి కూర్పునూ ఒకే మాటతో చెప్పడం మన సంప్రదాయానికి ఇంగ్లీషు నేర్పలేదు. హిందీ ‘సంవిధాన్’ అన్నది. తమిళం ‘అరసియలమైప్పు’ అన్నది, అంటే రాజకీయ నిర్మాణం. గ్రీకుల ‘సింటాగ్మా’ కూర్చిపెట్టినది అనే అర్థమిస్తుంది. ఏథెన్స్‌లో పార్లమెంటు ఎదుటి కూడలికి అదే పేరు. అవయవాలను పేరులోనే నిలుపుకున్నది తెలుగు. సభ్యుణ్ణి అవయవం చేయని మనం రాజ్యాన్ని మాత్రం దేహం చేశాం.

ఇంతటి ‘అంగం’ మామూలు వాడుకలో ఎంత కుంచించుకుపోయిందో చూడండి. ఆసుపత్రిలో దానం చేసేది అవయవమే, అంగం కాదు. ఒంటిగా పలికితే ఆ మాటకు ఇప్పుడు సిగ్గు అంటుకుంది. ‘వికలాంగుడు’ అన్న మాట నొప్పిస్తుందని ఢిల్లీ ‘దివ్యాంగ్’ను తెచ్చింది. వైకల్యం పోయి దివ్యత్వం వచ్చింది, అంగం మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. తమిళనాడు అంగాన్నే వదిలేసి ‘మాట్రుత్తిరనాళి’ని వాడుకలోకి తెచ్చింది, అంటే మారుశక్తి గలవాడు. నా ఓటు ఆ తమిళ పదానికే. దైవత్వం అంటగట్టడం కంటె శక్తిని గుర్తించడం మర్యాద.

ఇక ‘లోకల్ బాడీ’. దానిని మనం ‘స్థానిక సంస్థ’ అన్నాం, దేహాన్ని తప్పించాం. పుదుచ్చేరిలో ఆ తప్పింపు అక్షరాలా సరిపోయింది. ఇక్కడ పురపాలక ఎన్నికలు 1968లో జరిగాక మళ్లీ జరిగింది 2006లో. ఆ పాలకవర్గాల కాలం 2011లో ముగిసింది. 2021లో ప్రకటించిన ఎన్నికలు వివాదాల్లో పడి ఆగిపోయాయి. సముద్రతీరాన ఫ్రెంచివారి కాలపు పురపాలక భవనం, జనం నేటికీ ‘మేరీ’ అని పిలిచేది, 2014లో వానలకు కూలిపోతే తిరిగి కట్టి 2021లో ప్రారంభించారు. ఆ పేరుకు మేయరు కార్యాలయం అని అర్థం. భవనం మునుపటి రూపంలోనే లేచింది, ప్రజలు ఎన్నుకున్న మేయరు మాత్రం లేడు.

ఇప్పుడు ఆ పడిపోయిన ప్రభుత్వం సంగతి. పుదుచ్చేరి శాసనసభకు ప్రజలు ఎన్నుకునేది 30 మందిని. 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం ప్రకారం కేంద్రం మరో ముగ్గురికి మించకుండా నామినేట్ చేయవచ్చు. 2017లో కేంద్రం ముగ్గురిని నియమించింది. స్పీకరు వారిని అంగీకరించలేదు, వ్యవహారం కోర్టులకు వెళ్లింది. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు నియామకాలను సమర్థించింది. చట్టంలో ‘సభ్యులు’ అని మాత్రమే ఉంది, ఎన్నికైనవారనీ నియమితులనీ తేడా చూపలేదు, కాబట్టి బడ్జెట్ మీదనైనా అవిశ్వాసం మీదనైనా వారు ఓటు వేయవచ్చునన్నది.

2021 జనవరిలో వరుస రాజీనామాలు మొదలయ్యాయి. ఆరోగ్యమంత్రిగా పనిచేసిన యానాం ప్రతినిధి మల్లాడి కృష్ణారావుది అందులో ఒకటి. ఫిబ్రవరి 22వ తేదీన సభలో బలాబలాలు చూస్తే, స్పీకరుతో కలిపి నారాయణస్వామి పక్షాన 12, ఎదుట 14. ఆ 14లో ముగ్గురు నియమితులు. ఓటింగుకు ముందే ముఖ్యమంత్రి సభనుంచి వెళ్లి రాజీనామా ఇచ్చారు. ఆ ముగ్గురినీ తీసివేస్తే ఎన్నికైనవారి లెక్క 12కు 11.

ఆ రాత్రి యానాం నుంచి నాకు తెలిసిన ఒక పెద్దాయన ఫోన్ చేశారు. చేపల వ్యాపారం చేసి మానుకున్నవారు. “నామినేటెడ్ అంటే ఏంటి బాబూ? మన ఎమ్మెల్యే రాజీనామా చేశాడు, సరే. మరి ఆ ముగ్గురికీ ఓటెవరేశారు?” అని అడిగారు. ఎవరూ వేయలేదండీ, కేంద్రం పెట్టింది అన్నాను. “అయితే పెట్టినోళ్లు అనొచ్చుగా, ఆ ఇంగిలీషెందుకు?” అన్నారు.

నేను చట్టాన్ని తప్పుపట్టడం లేదు, తీర్పునూ కాదు. చట్టం అలా ఉంది, కోర్టు అలా చదివింది. అయితే అదే నియమితుడు రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేయలేడు, అక్కడ రాజ్యాంగం ‘ఎన్నికైన సభ్యులు’ అని స్పష్టంగా చెప్పింది. రాష్ట్రపతిని ఎన్నుకోలేనివాడు ముఖ్యమంత్రిని దించగలడు. తమిళంలో ఆలోచిస్తే ప్రశ్న సూటిగా వస్తుంది: ఇది ఈ దేహంలో పుట్టిన ఉరుప్పా, బయటినుంచి అతికించినదా? తెలుగులో ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు. సభలో కూర్చున్నవాడు సభ్యుడే, ఎవరు కూర్చోబెట్టారన్నది ఆ మాటకు పట్టదు. ఒకరకంగా సుప్రీంకోర్టు చట్టాన్ని తెలుగులోనే చదివిందనవచ్చు.

అందుకే ఆనాటి నుంచి ‘నామినేటెడ్ సభ్యుడు’ అని రాయడం మానుకున్నాను. ‘నామనిర్దేశిత’ అన్నది మరీ పంచాంగం మాట. ‘కేంద్రం నియమించిన సభ్యుడు’ అని రాస్తాను, ఎవరు నియమించారో వాక్యంలోనే ఉండేటట్టు. శీర్షికలో చోటు చాలదని డెస్కువారు దానిని మళ్లీ ‘నామినేటెడ్’ చేస్తూంటారు. లోపలి వార్తలో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు.