తాళం చెవులు ఎవరి చేతికి ముందు అందితే వాళ్ళదే

క్రూసేడర్ కింగ్స్ ఆడినవాళ్ళకి ఈ బాధ తెలుసు. 1066లో విలియంగా మొదలుపెట్టి, ఇంగ్లండ్ గెలిచి, రాత్రి రెండింటి దాకా మేలుకుని రాజ్యం పెంచుతాం. ఒకరోజు మన రాజు ముసలివాడై పోతాడు. చూస్తే సగం మ్యాప్ మనది కాదు, తమ్ముళ్ళది. "కష్టపడింది మనం, పంచుకునేది వాళ్ళా? ఇదేం గేమే!" అని మా రూమ్‌మేట్ ల్యాప్‌టాప్ మూసేసింది. నాకు మాత్రం ఆ పంపకం నిజంగా జరిగిందా అని డౌట్ వచ్చి చదవడం మొదలుపెట్టాను. జరిగింది. గేమ్‌లో కన్నా ఘోరంగా జరిగింది.

1087 సెప్టెంబర్ 9న, ఫ్రాన్స్‌లో రూయెన్ పట్నం దగ్గర విలియం చనిపోయాడు. అప్పటికి ముగ్గురు కొడుకులు మిగిలారు. ఇంకొకడు అంతకుముందే వేటలో పోయాడు. పెద్దవాడు రాబర్ట్‌కి నార్మండీ, తర్వాతివాడు విలియం రూఫస్‌కి ఇంగ్లండ్, చిన్నవాడు హెన్రీకి 5000 పౌండ్ల వెండి. సెంటు భూమి లేదు. ఈ పంపకం వెనక ఒక లెక్క ఉందని చాలామంది చరిత్రకారులు అంటారు. నార్మండీ తాతముత్తాతల నుంచి వచ్చింది, కాబట్టి అది పెద్దకొడుక్కి చెందాలి. ఇంగ్లండ్ తను సంపాదించుకున్నది, కాబట్టి ఇష్టమైనవాడికి ఇచ్చుకోవచ్చు. పిత్రార్జితం, స్వార్జితం అని మన ఇళ్ళలో వినే మాటలే ఇవి. తొమ్మిది వందల ఏళ్ళ నాటి నార్మన్ కుటుంబంలో కూడా ఇదే తేడా ఉందని చదివినప్పుడు, వీళ్ళెవరో పరాయివాళ్ళలా అనిపించలేదు.

ఓర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి ఆ చావు గురించి రాశాడు. తండ్రి ప్రాణం ఇంకా పోకముందే రూఫస్ ఇంగ్లండ్‌కి బయల్దేరిపోయాడట. హెన్రీ తన వెండిని సరిగ్గా తూకం వేయించుకోవడానికి వెళ్ళాడట. రాబర్ట్ అసలు అక్కడ లేడు, తండ్రితో గొడవపడి శత్రువైన ఫ్రెంచి రాజు పక్కన చేరాడు. రాజు పోయాక నౌకర్లు దొరికింది దొరికినట్టు సర్దుకుని పారిపోయారట, శవం నేల మీదే ఉండిపోయిందట.

రాబర్ట్ గొడవ ఎలా మొదలైందో చదివితే నవ్వొస్తుంది, తర్వాత నవ్వు ఆగిపోతుంది. ఒక ఊళ్ళో బస చేసినప్పుడు తమ్ముళ్ళిద్దరూ మేడ మీద నుంచి అన్న మీద నీళ్ళు కుమ్మరించారట. తండ్రి వాళ్ళని గట్టిగా దండించలేదని రాబర్ట్ అలిగి వెళ్ళిపోయాడు. అసలు కోపం నీళ్ళ గురించి కాదులెండి. నార్మండీ నీదే అని ఎప్పుడో మాట ఇచ్చి, బతికున్నంతకాలం పెత్తనం మాత్రం వదలని తండ్రి మీద కోపం. 1079లో గెర్బెరోయ్ కోట దగ్గర తండ్రీకొడుకులు నేరుగా తలపడ్డారు, తండ్రికి గాయమైంది. తల్లి మటిల్డా భర్తకి తెలియకుండా పెద్దకొడుక్కి డబ్బు పంపించేది. ఏ తల్లయినా ఇంతేనేమో.

ఇప్పుడు ఒక సాంకేతిక సమస్య. ప్రభువుల్లో చాలామందికి సముద్రానికి అటూ ఇటూ భూములున్నాయి. ఇద్దరన్నదమ్ములు కొట్టుకుంటే వీళ్ళు ఎవరికి విధేయులు? అన్న మాట వింటే ఇంగ్లండ్ భూములు పోతాయి, తమ్ముడి మాట వింటే నార్మండీ పోతుంది. అందుకే 1088లోనే చాలామంది రాబర్ట్ కోసం రూఫస్ మీద తిరగబడ్డారు. రూఫస్ నెగ్గాడు. 1096లో రాబర్ట్ మొదటి క్రూసేడ్‌కి వెళ్ళాలనుకున్నాడు, చేతిలో డబ్బు లేదు. ఏకంగా నార్మండీనే తమ్ముడికి తాకట్టు పెట్టి 10,000 మార్కుల వెండి తీసుకుని వెళ్ళాడు.

1100 ఆగస్టు 2న రూఫస్ వేటలో బాణం తగిలి చనిపోయాడు. ప్రమాదమా, కుట్రా అని ఇప్పటికీ వాదించుకుంటారు. హెన్రీ అదే అడవిలో ఉన్నాడు. అన్న శవం దగ్గర ఆగలేదు. తిన్నగా వించెస్టర్‌కి గుర్రం తోలి ఖజానా చేజిక్కించుకున్నాడు. 5వ తేదీకల్లా వెస్ట్‌మిన్‌స్టర్‌లో కిరీటం పెట్టుకున్నాడు. రాబర్ట్ అప్పటికింకా జెరూసలేం నుంచి ఇంటికి వచ్చే దారిలో ఉన్నాడు.

ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో రేస్ కండిషన్ గురించి మనందరం చదివాం కదా. ఒకే వనరు కోసం రెండు ప్రాసెస్‌లు వస్తాయి, ఎవరి తర్వాత ఎవరో చెప్పే లాక్ ఉండదు, ఫలితం ఎవరు ముందొచ్చారన్నదాని మీద ఆధారపడుతుంది. ఇదీ అంతే. పెద్దకొడుక్కే రాజ్యం అన్న నియమం ఇంకా గట్టిపడలేదు. ప్రభువులు ఒప్పుకోవాలి, చర్చి అభిషేకం చేయాలి, ఖజానా చేతిలో ఉండాలి. ఈ మూడూ ముందు ఎవరికి అందితే వాడే రాజు. ఒకసారి అభిషేకం అయ్యాక దించడం మహా కష్టం.

రాబర్ట్ 1101లో సైన్యంతో వచ్చాడు, ఏడాదికి 3000 మార్కులు ఇస్తానంటే రాజీపడి వెళ్ళిపోయాడు. ఆ డబ్బు ఎన్నాళ్ళో రాలేదు. 1106లో టాంష్‌బ్రే యుద్ధంలో తమ్ముడే అన్నని పట్టుకున్నాడు. 1134లో చనిపోయేదాకా, ఇరవై ఎనిమిదేళ్ళు, రాబర్ట్ ఖైదీగానే బతికాడు. భూమి లేని చిన్నవాడు మొత్తం కట్టేసుకున్నాడు.

అయితే హెన్రీకీ అదే సమస్య ఎదురైంది. అక్రమ సంతానం ఇరవైమందికి పైనే, ధర్మపత్నికి పుట్టిన కొడుకు మాత్రం ఒక్కడు. 1120 నవంబర్ 25 రాత్రి బార్‌ఫ్లర్ రేవు నుంచి వైట్ షిప్ అనే ఓడలో ఆ కుర్రాడు బయల్దేరాడు. అందరూ తాగి ఉన్నారు, ఓడ రాతికి కొట్టుకుంది. అతన్ని చిన్న పడవలోకి ఎక్కించారు, కానీ మునిగిపోతున్న అక్క కేకలు విని వెనక్కి తిప్పించాడని, అందరూ ఒక్కసారిగా ఎక్కబోతే ఆ పడవా మునిగిందని కథ. ఈ కుటుంబం మొత్తంలో తోబుట్టువు కోసం వెనక్కి తిరిగినవాడు నాకు కనిపించింది ఇతనొక్కడే.

ఇక మిగిలింది కూతురు మటిల్డా, జర్మన్ చక్రవర్తి వితంతువు. 1127 జనవరి 1న హెన్రీ తన ప్రభువులందరి చేత, నా తర్వాత ఈమే అని ప్రమాణం చేయించాడు. ప్రమాణం చేసినవాళ్ళలో హెన్రీ అక్క కొడుకు స్టీఫెన్ ఉన్నాడు. మన వరసలో మటిల్డాకి బావ. 1135 డిసెంబర్ 1న హెన్రీ పోయాడు. మటిల్డా అప్పుడు దూరంగా ఆంజూ వైపు, గర్భవతి. స్టీఫెన్ సముద్రానికి దగ్గర్లో బులోన్‌లో ఉన్నాడు. వెంటనే దాటాడు. 22న కిరీటం పెట్టేసుకున్నాడు. ప్రమాణం సంగతేంటి అంటే, చివరి క్షణంలో రాజు మనసు మార్చుకున్నాడని ఒకాయన సాక్ష్యం చెప్పాడు. మళ్ళీ అదే రేసు.

ఈసారి మాత్రం ఓడినామె ఊరుకోలేదు. 1139లో ఇంగ్లండ్‌లో దిగింది. 1141లో లింకన్ దగ్గర స్టీఫెన్‌ని పట్టుకున్నారు, ఆమె పట్టాభిషేకానికి లండన్ దాకా వెళ్ళింది. పన్ను అడిగిందని, పొగరుగా మాట్లాడిందని నగరవాసులు తరిమేశారు. వాళ్ళ నాన్న పన్ను అడిగితే గట్టి రాజు అన్నారు. 1142 చలికాలంలో ఆక్స్‌ఫర్డ్ కోట ముట్టడి నుంచి తెల్లబట్టలు కట్టుకుని మంచు మీద నడిచి తప్పించుకుంది. ఈ లోగా కాలిపోయినవి పల్లెలు, ఆకలితో పోయింది ఈ వరసలేవీ పట్టని రైతులు. చివరికి 1153లో ఒప్పందం కుదిరింది: స్టీఫెన్ బతికున్నంతకాలం రాజు, తర్వాత మటిల్డా కొడుకు. 1154లో ఆ కొడుకు రెండో హెన్రీ అయ్యాడు.

ఇంత చదివాక నా మనసు మటిల్డా దగ్గరే ఆగింది. దానికి కారణం మా ఇల్లు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం అంటే ప్రభువుల ప్రమాణం కన్నా గట్టిదే. అయినా మా అత్త తన వాటా వదులుకుంటూ సంతకం పెట్టింది. ఎవరూ బలవంతం చేయలేదు. "పుట్టింటికి రాకపోకలు ఉండాలి కదమ్మా" అంది నాతో. ఆ పొలం మీద వచ్చే డబ్బులోంచే నా హాస్టల్ ఫీజు కడుతున్నారు. కాబట్టి తప్పంతా మగవాళ్ళదే అని చెప్పి నేను పక్కకి తప్పుకోలేను, ఆమె వదిలినదాంట్లో నాకూ వాటా అందింది.

నాకు, ఇంటర్ చదువుతున్న తమ్ముడికి ఏం వస్తుందో ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ మాటెత్తితే నాన్నగారు "అప్పుడే నా చావు కోరుతున్నారా" అంటారేమోనని భయం. విలియం ఇంట్లోనూ ముందు కూర్చుని మాట్లాడుకున్నది లేదు, హెన్రీ మాట్లాడాడు గానీ తను లేనప్పుడు ఆ మాట నిలబెట్టే ఏర్పాటు చేయలేదు. నాకు ఎకరాల లెక్క ముఖ్యం కాదు. కాగితం రాసే రోజున నన్నూ పిలిచి కూర్చోబెట్టాలి, నా సంతకం ముందే ఖాయం అనుకోకూడదు. ఈ సెలవులకి వెళ్ళినప్పుడు ముందు అత్తని అడుగుతాను, అప్పుడు నిజంగా ఏమనుకుందో. ఆ తర్వాత నాన్నగారితో మాట్లాడతాను, తమ్ముడు పక్కన ఉండగానే. ఈ సంచిక లింక్ వాడికి ముందే పంపిస్తున్నాను.