వంద నోట్ల కట్ట

ఖాట్మండులో నాలుగు రోజులుండడానికి చేతిఖర్చు ఎంత కావాలన్న ప్రశ్నకు నాకు సరైన జవాబు చెప్పినవారు బ్యాంకువారు కాదు, విమానం టికెట్లు అమ్మినవారు కాదు. నోయిడాలో మేముండే అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే నేపాలీ కాపలాదారు. “ఎంత తీసుకెళ్తారన్నది తరవాత సంగతి సార్. ముందు ఏ నోట్లు తీసుకెళ్తున్నారో చూసుకోండి” అన్నాడతను.

జాతీయ రాజకీయాలు, అప్పుడప్పుడు విదేశాంగ విధానం రాసి పొట్టపోసుకునేవాడిని. ఆ సంగతి నాకు తెలియదని ఒప్పుకోవడం కొంచెం ఇబ్బందిగానే ఉంది. 2018 డిసెంబర్‌లో నేపాల్ ప్రభుత్వం వందకు మించిన భారతీయ నోట్లను నిషేధించిందని చదివాను, ఒకచోట ఉటంకించాను కూడా. కానీ ఆ నిర్ణయానికి జేబులో ఎలాంటి ఆకారం ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. భారతీయుడు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపుకోవచ్చునని మన రిజర్వు బ్యాంకు అంటుంది. వీసా అక్కరలేని, ఓటరు కార్డు చూపించి విమానమెక్కగలిగిన పొరుగుదేశంలో మాత్రం అప్పట్లో మన ఐదు వందల నోటు చెల్లేది కాదు.

నేను వెళ్తున్నది రాజకీయం చూడడానికే. సెప్టెంబర్ 8, 9 తేదీల తిరుగుబాటులో ఓలీ ప్రభుత్వం కూలింది. సింహ దర్బార్ తగలబడింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధాని అయ్యారు. మార్చి 5న ఎన్నికలన్నారు. తిహార్ పండుగ ముగిశాక, అక్టోబర్ చివరి వారంలో బయలుదేరాను.

బస అద్దె ముందే కార్డు మీద కట్టేశాను. మిగిలింది చేతిఖర్చు. మన రూపాయికి నేపాలీ రూపాయి 1.60. 1993 నుంచి ఆ లెక్క మారలేదు. అంటే మన పది వాళ్ళ పదహారు. చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చిన పదహారో ఎక్కం ఇన్నాళ్ళకు పనికొచ్చింది. టాక్సీలకు 8,000, తిండికి 6,000, నాతో తిరిగి దుబాసీగా సాయపడే కుర్రవాడికి 6,000, పైఖర్చులకు 4,000. మొత్తం 24,000 నేపాలీ రూపాయలు, అనగా మన 15,000. నూట యాభై వంద నోట్లు.

ఆ నూట యాభై నోట్లు సంపాదించడం నాలుగు రోజుల పనైంది. మా బ్యాంకులో కాషియరు ఒక్క కట్ట ఇవ్వగలనన్నాడు, అదీ మరునాడు రమ్మని. మిగతా యాభై నోట్లు పాలబూత్‌లో, పెట్రోలు బంకులో, సెక్టారు మార్కెట్ కూరగాయల బండ్ల దగ్గర ఏరుకున్నాను. దసరాకు ముందు మా పేటలోని నేపాలీలందరూ చేసే పని ఇదేనట. ఇంటికి పోయే ముందు ఏడాది జీతంలో మిగిల్చిన ఐదు వందల నోట్లను వందలుగా మార్చుకోవలసి వచ్చేది. కూరగాయల వాళ్ళలో కొందరు ఊరికే మార్చేవారు, కొందరు వట్టం పుచ్చుకునేవారు. సొంత జీతాన్ని సొంత ఇంటికి తీసుకుపోవడానికి వట్టం! ఢిల్లీ సెమినార్లలో ‘రోటీ-బేటీ బంధం’ అనే మాట వినని రోజుండదు. ఆ బంధం మీద ఎవరు ఎంత సుంకం కడుతున్నారో వేదిక మీదివారెవరూ చెప్పగా నేను వినలేదు.

ఈ ఏడాది మా కాపలాదారుకు సెలవు దొరకలేదు. అందుకని ఖాట్మండులో వంట పని చేసే తమ్ముడికి ఇవ్వమని 5,000 రూపాయలు, యాభై వంద నోట్లు, నా చేతిలో పెట్టాడు. మనిషి ఒక్కడు తీసుకువెళ్ళదగిన మన డబ్బుకు హద్దు 25,000. నాదీ అతనిదీ కలిపి ఇరవై వేలు, కాబట్టి ఇబ్బంది లేదు. “వాడు మీకొకటి చూపిస్తాడు సార్, కొంచెం చూసి చెప్పండి” అన్నాడు. ఏమిటని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఖాట్మండులో నా పద్దు మొదటి పూటే తలకిందులైంది. 2024 మార్చి నుంచి మన యూపీఐ నేపాల్ దుకాణాల క్యూఆర్ కోడ్ మీద పనిచేస్తోంది. థమేల్‌లో భోజనానికి, పుస్తకాలకు ఫోను చాలింది. టాక్సీ డ్రైవరుకు మాత్రం నోటే కావాలి. అతని దగ్గరున్న కోడ్ సొంత ఖాతాది, మన యాప్ దాన్ని గుర్తించదు. వంద నోటుకు నూట అరవై అని అందరికీ తెలుసు. అయినా బేరం కుదిరే చోట అది నూట యాభై అవుతుంది. అందువల్ల తిండికి దాచింది మిగిలింది, టాక్సీలకు దాచింది చాలలేదు.

27వ తేదీ కార్తీక సోమవారం. పశుపతినాథ్ గుడి దారిలో తెలుగు వినపడి ఆగాను. గోదావరి జిల్లాల నుంచి ముక్తినాథ్ యాత్రకు వచ్చిన బృందం. ఒక పెద్దావిడ పూల కొట్టు ముందు ఐదు వందల నోటు చాచి నిలబడింది. కొట్టువాడు తల అడ్డంగా ఊపుతున్నాడు.

“ఏంటి బాబూ, గాంధీ గారి బొమ్మే కదా ఉంది? తీసుకోనంటాడేంటి?”

“ఇక్కడ వంద నోటే చెల్లుతుందమ్మా. ఇది వేరే దేశం కదండీ.”

“వేరే దేశమైతే పాస్‌పోర్టు అడగొద్దా? నన్నెవరూ అడగలేదే.”

ఆవిడ తర్కంలో తప్పు పట్టడం విదేశాంగ శాఖకు కూడా కష్టమే. ఐదు వంద నోట్లిచ్చి ఆ నోటు తీసుకున్నాను. నాలుగు రోజుల పద్దులో ఎనిమిది వందల నేపాలీ రూపాయలు ఆ క్షణంలో చెల్లని కాగితంగా మారి నా జేబులోకి వచ్చాయి. కొట్టువాడు చిల్లర లెక్కపెడుతూ నాతో హిందీలో అన్నాడు: “మాకేం కోపం లేదు. మీరు రాత్రికి రాత్రే రద్దు చేస్తారు కదా.”

ఆ మాటకు వెనక ఉన్న తేదీలు నాకు తెలుసు. దొంగనోట్ల భయంతో మన పెద్ద నోట్లను చాలా ఏళ్ళు వద్దన్న నేపాల్, 2015లో ఐదు వందలు, వెయ్యి నోట్లను పాతిక వేల దాకా అనుమతించింది. ఆ మరుసటి ఏడాది నవంబర్ 8న మనం వాటిని రద్దు చేశాం. నమ్మి తలుపు తీసినవాడికి రెండేళ్ళు తిరగకుండానే శాస్తి జరిగింది. ఇంత పెద్ద దేశం, అంత చిన్న పొరుగువాడి దగ్గర చిక్కుకున్న కాస్త డబ్బు మార్చివ్వడానికి ఎన్ని దఫాల చర్చలు జరిగినా ఒప్పుకోలేదు. విదేశాల్లో ఉన్న మన పౌరులకు తరవాత కొన్ని నెలల గడువిచ్చినా నేపాల్, భూటాన్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో ఉంటున్న మనవారిని అందులోంచి మినహాయించారు. 2018 నాటి నేపాల్ నిషేధాన్ని ఢిల్లీలో కొందరు చైనా ప్రభావమన్నారు. పూల కొట్టువాడి వివరణ నాకు అంతకంటే సూటిగా కనిపించింది. 2023 మేలో రెండు వేల నోటును మనం ఉపసంహరించుకున్నప్పుడు అతనేమనుకున్నాడో అడగలేదు.

నోటు మీద రాజకీయం వాళ్ళూ చేస్తారనుకోండి. లిపులేఖ్, కాలాపానీ, లింపియాధురాలను తమవిగా చూపే పటాన్ని వంద రూపాయల నోటు మీద అచ్చువేయాలని 2024 మేలో నేపాల్ మంత్రివర్గం తీర్మానించింది. అదీ వంద నోటే!

కాపలాదారు తమ్ముణ్ని మూడో రోజు సాయంత్రం రత్నపార్కు దగ్గర కలిశాను. యాభై నోట్లూ లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. టీ తాగాక సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పాత ఐదు వందల నోట్లు, ఇరవై మూడు. వాళ్ళమ్మ అఛామ్ కొండల్లోని ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచుకున్నవి. నోయిడా నుంచి పెద్దకొడుకు ఏడాదికోసారి తెచ్చిచ్చిన జీతం డబ్బు. రద్దు వార్త ఊరికి చేరేసరికి ఆలస్యమైంది. పెద్దకొడుక్కి అప్పట్లో బ్యాంకు ఖాతా లేదు, సెలవూ దొరకలేదు. ఖాట్మండులో మారుస్తారని 2017లో ఎవరో అంటే తమ్ముడు ఇక్కడికి తెచ్చాడు. అప్పటి నుంచి అతని దగ్గరే ఉన్నాయి.

“మీరు పత్రికలో రాస్తారట కదా. ఢిల్లీలో ఆ పెద్ద బ్యాంకు మీకు తెలిసే ఉంటుంది” అన్నాడు.

నోట్లు ఒక్కొక్కటే తిప్పి చూశాను. కొన్నింటి మీద దువ్వూరి సుబ్బారావు గారి సంతకం ఉంది. రిజర్వు బ్యాంకు గవర్నర్‌గా ఒక తెలుగువాడు, ఈ నోటు తెచ్చినవారికి ఇంత చెల్లిస్తానని ఇచ్చిన మాట. ఆ మాట ఆయన తప్పలేదు. 2017 నాటి చట్టం ఆ మాటను రద్దు చేసింది. ఆ చట్టం ప్రకారం పాత నోట్లు పదికి మించి దగ్గరుంచుకోవడమే నేరం. జరిమానా పదివేలు, లేదా నోట్ల విలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అంత దాకా వేయవచ్చు. ఇరవై మూడు నోట్ల విలువ 11,500. నేను వాటిని సంచిలో పెట్టుకుని ఢిల్లీలో దిగితే 57,500 దాకా నా మీద పడవచ్చు. ఈ లెక్క అతనికి నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాను.

“అయితే దాచుకున్నందుకు మా అమ్మ కట్టాలా?” అన్నాడు.

నేపాల్‌లో ఆ చట్టం వర్తించదని చెప్పాను. అతను కవరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. టీ డబ్బులు నేనిస్తానంటే ఇవ్వనివ్వలేదు.

ఆ రాత్రి బసలో నా పాత వ్యాసాలు తెరిచి చూసుకున్నాను. 2016 నవంబర్, డిసెంబర్ నెలల్లో పెద్దనోట్ల రద్దు మీద పదకొండు వ్యాసాలు రాశాను. క్యూలు, ఉత్తరప్రదేశ్ ఎన్నికల లెక్కలు, పార్లమెంటు స్తంభన, నల్లధనం ఎంత తెల్లబడిందన్న వాదం, అన్నీ ఉన్నాయి. నేపాల్ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఆ రెండు నెలలూ రోజూ రాత్రి ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నాకు గేటు తీసినవాడు ఇతనే.

తిరిగొచ్చేటప్పటికి నా దగ్గర పదిహేడు వంద నోట్లు, పెద్దావిడ ఐదు వందల నోటు మిగిలాయి. గేటు దగ్గర కారు దిగగానే “ఏమైంది సార్?” అని అడిగాడు. తమ్ముడికి చెప్పిందే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత నా జేబులోని వంద నోట్లు చూసి, అవి తనకిస్తే బదులు ఐదు వందలవి ఇస్తానన్నాడు. వచ్చే దసరాకు పనికొస్తాయట. పదిహేను నోట్లిచ్చి మూడు తీసుకున్నాను. అతను రెండుసార్లు లెక్కపెట్టుకుని, “వట్టం లేకుండా దొరికాయి” అంటూ గేటు వేశాడు.